ఆస్పత్రి నేలకు ఏ మందు? మొక్కల నూనెలా, బ్లీచింగా? వాసన పక్కనపెట్టి నిమిషాలు చూడండి

నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్లలో చిన్న నర్సింగ్ హోములు నడిపే డాక్టర్లు, అక్కడ స్టోరు చూసుకునే మేనేజర్లు ల్యాబ్‌లో పనిచేసే నాలాంటి వాళ్లను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వాము నూనె, నిమ్మగడ్డి నూనె, టీ ట్రీ నూనెతో చేసిన ఫ్లోర్ డిసిన్ఫెక్టెంట్ అని తెచ్చి చూపిస్తున్నారు. కెమికల్ లేదంటున్నారు, క్రిములు చస్తాయని పరిశోధన కాగితాలు కూడా ముందర పెడుతున్నారు. బ్లీచింగ్ మానేసి ఇది వాడొచ్చా?" అని.

ఆ కాగితాల్లో ఉన్నది చాలావరకు నిజమే. అయినా సరే, వార్డులో బ్లీచింగ్ మానేసి దాన్ని వాడమని నేను చెప్పలేను. ఈ రెండు మాటలకూ పొంతన ఎట్లా కుదురుతుందో తెలిస్తే, ఏ సీసా ఎక్కడ పనికొస్తుందో మీరే తేల్చుకోగలరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పళ్లెంలో ఒక రాత్రి, నేలమీద నాలుగు నిమిషాలు

అమ్మడానికి వచ్చినవాళ్లు చూపే ఫోటోలో సాధారణంగా ఒక పెట్రీ పళ్లెం ఉంటుంది. అగార్ అనే జెల్లీ మీద క్రిములు పొరలాగా పెరిగి ఉంటాయి. నూనెలో ముంచిన చిన్న కాగితం బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎంత వెడల్పుంటే నూనె అంత గట్టిదని చూసినవాళ్లకు అనిపిస్తుంది. కానీ ఆ పళ్లెం ఇంక్యుబేటర్‌లో 35–37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉండి వచ్చింది. రాత్రంతా నూనె ఆ క్రిముల్ని వదలకుండా పట్టుకునే ఉంది. ఖాళీలో ఉన్న క్రిములు చచ్చాయా, ఊరికే పెరగకుండా ఆగాయా అన్నది పళ్లెం చూసి చెప్పలేం. నీళ్లలో కలవని నూనె అగార్‌లో సరిగా పాకదు, కొంత ఆవిరై మూత కింద తిరుగుతుంది. కాబట్టి ఆ ఖాళీ వెడల్పు కొలిచి రెండు నూనెల్ని పోల్చడం కూడా అంత నమ్మదగ్గ పని కాదు. ఎంఐసీ అని రాసే అంకె, అంటే క్రిమి పెరుగుదలను ఆపగలిగే కనీస మోతాదు, అది కూడా ఇట్లాగే రాత్రంతా ఉంచి చూసిన లెక్కే.

ఇప్పుడు మీ వార్డుకు రండి. రోహిణి కార్తె. పైన ఫ్యాను, తలుపు తీస్తే వడగాడ్పు. ఆయా మాప్ పెట్టి తుడిచిన నేల మూడు నాలుగు నిమిషాల్లో ఆరిపోతుంది. మందు చేయాల్సిన పనంతా ఆ తడి ఉన్నంతసేపట్లోనే అయిపోవాలి. ఆరిన తర్వాత మిగిలేది వాసనే.

అందుకే ఆస్పత్రి డిసిన్ఫెక్టెంట్లకు పెట్టే పరీక్ష వేరుగా ఉంటుంది. యూరప్‌లో వైద్య అవసరాలకు వాడే ఈఎన్ 13727 అనే పరీక్షలో క్రిముల్ని నేరుగా మందులో కలుపుతారు. చెప్పిన నిమిషాలు కాగానే మందు పని ఆపేసి, బతికినవాటిని లెక్కపెడతారు. నేలలు, పరికరాల మందులకైతే లక్షకు ఒకటి మించి మిగలకూడదు. మురికి ఉన్నచోట కూడా పనిచేస్తుందో లేదో తెలియడానికి ప్రొటీనూ ఎర్ర రక్తకణాలూ కలిపి చూస్తారు. పళ్లెంలో అద్భుతంగా కనిపించిన నూనెలు ఈ పరీక్షలో కూడా అట్లాగే నిలబడతాయన్న భరోసా లేదు. మీ ముందుకు ఏ కాగితం వచ్చినా మొదట అడగాల్సింది ఒకటే: ఎంత మోతాదుకు, ఎన్ని నిమిషాల్లో?

నూనెల్లో నూనెలు

మొక్కల సుగంధ తైలాలు క్రిముల్ని చంపే తీరు స్థూలంగా ఒకటే. కొవ్వును ఇష్టపడే ఈ అణువులు క్రిమి కణం పైపొరలోకి దూరి దాన్ని వదులు చేస్తాయి. చిల్లుపడ్డ కుండలోంచి నీళ్లు పోయినట్టు లోపలి పొటాషియం, శక్తినిచ్చే ఏటీపీ బయటికి కారిపోతాయి. అయితే ఏ అణువుకు ఎంత బలం అన్నది దాని నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఫినాల్ జాతివి, ఆల్డిహైడ్ జాతివి ముందుంటాయి. ఆల్కహాల్ జాతివి వాటి తర్వాత. కర్పూరంలాంటి కీటోన్లు, నీలగిరి నూనెలోని సినియోల్ లాంటి ఈథర్లు ఇంకా కింద. నిమ్మ తొక్కలోని లిమొనీన్, దేవదారు జాతి చెట్ల పైనీన్ లాంటి ఉత్త హైడ్రోకార్బన్లు అన్నిటికంటే అడుగున ఉంటాయి. సీసా మీద ఏ మొక్క బొమ్మ ఉందో చూసేకన్నా లోపల ఈ వరుసలో ఏది ఉందో చూడటం మేలు.

ఈ లెక్కన మన దగ్గర దొరికేవాటిలో వాముదే పైచేయి. వాము నూనెలో ప్రధానమైనది థైమాల్. ఆయుర్వేద దుకాణాల్లో వాము పువ్వు పేరుతో అమ్మే తెల్లటి పలుకులు అవే. కర్పూరం, పుదీనా పువ్వుతో కలిపితే అమృతధార అయ్యేదీ అదే. మొక్కల నూనెల నుంచి వచ్చి, నిజంగా ఆస్పత్రి డిసిన్ఫెక్టెంట్ వరుసలోకి చేరగలిగినది నా దృష్టిలో థైమాల్ ఒక్కటే. థైమాల్ ముఖ్య పదార్థంగా ఉన్న ఉత్పత్తులకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. కోవిడ్ రోజుల్లో కరోనా వైరస్ మీద పనిచేసేవాటి జాబితాలో కూడా అవి ఉన్నాయి. కానీ వాటి లేబుల్ చదవండి: కొన్నిటికి ఉపరితలం 10 నిమిషాల దాకా తడిగా ఉండాలని రాసి ఉంటుంది. మన ఎండల్లో ఫ్యాను కింద 10 నిమిషాల తడి నిలవాలంటే మధ్యలో మళ్లీ తుడవాల్సిందే. ఇంకో చిక్కు, థైమాల్ నీళ్లలో లీటరుకు దాదాపు ఒక గ్రాము మించి కరగదు. అందుకని ఆ ఉత్పత్తుల్లో దాన్ని కరిగించి పట్టుకునే సర్ఫాక్టెంట్‌ను లెక్క ప్రకారం కలుపుతారు. వాము పువ్వు కొనుక్కొచ్చి బకెట్లో వేస్తే అది అడుగున కూర్చుంటుంది. సబ్బు ఎక్కువ పోసి కలిపేద్దామన్నా లాభం లేదు. సబ్బు బుడగల్లో చిక్కుకున్న థైమాల్ క్రిమి దగ్గరికి చేరదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. థైమాల్ ఫినాల్ జాతి పదార్థం. 1867లో జోసెఫ్ లిస్టర్ శస్త్రచికిత్స గాయాలకు వాడి పేరు తెచ్చిన కార్బాలిక్ ఆమ్లం కూడా ఫినాలే. వ్యాపారానికి వాడే థైమాల్‌లో చాలా భాగాన్ని కర్మాగారంలో క్రెసాల్ నుంచే తయారు చేస్తారు. కాబట్టి "కెమికల్ లేదు" అన్న మాటకు ఇక్కడ అర్థమే లేదు. మొక్కలోంచి వచ్చినా తారులోంచి వచ్చినా క్రిమిని చంపగలిగినది మన చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ ఎంతోకొంత తాకకుండా ఉండదు.

లవంగ నూనెలో యూజెనాల్ ఎక్కువ, 70 శాతానికి పైనే ఉంటుంది. పళ్ల డాక్టర్లు జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడేది దీన్నే. బలమైనదే. కానీ అది చర్మానికి పడనివాళ్లు ఉంటారు, ఖరీదు కూడా ఎక్కువ. దాల్చినచెక్క నూనెలోని సినమాల్డిహైడ్ పళ్లెంలో అందరికంటే బాగా పనిచేసేవాటిలో ఒకటి, చర్మాన్ని మండించడంలోనూ ముందే. దాల్చిన ఆకు నూనె వేరు, అందులో ఉండేది ప్రధానంగా యూజెనాల్. రెండూ దాల్చిన పేరుతోనే వస్తాయి కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ 70–80 శాతం ఉంటుంది. స్టాఫిలోకాకస్ లాంటి క్రిముల మీద, బూజు మీద బాగుంటుంది. గాలీ వెలుతురూ తగిలితే సిట్రాల్ తొందరగా పాడవుతుంది. సుగంధ పంటల కోసం కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పెట్టిన అరోమా మిషన్ వచ్చాక, అంటే 2017 నుంచి, దీని సాగుకు ప్రోత్సాహం పెరిగింది. సాగు చేసే రైతు బాగుండాలని మనసారా కోరుకుంటాను. అయితే ఆ నూనెకు సరైన చోటు సబ్బులూ అగరుబత్తీలూ పరిమళాలూ. ఐసీయూ నేల మాత్రం కాదు.

టీ ట్రీ ఆస్ట్రేలియా చెట్టు. అందులో పనిచేసేది టెర్పినెన్-4-ఆల్. ప్రపంచంలో ఎక్కువ పరిశోధన జరిగిన సుగంధ తైలాల్లో ఇదొకటి, దీని సంగతి కింద విడిగా చెబుతాను.

జామాయిల్ గురించి మా ప్రాంతం వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల సుబాబుల్‌తో పాటు జామాయిల్ తోటలు విస్తారంగా ఉన్నాయి కదా, ఆకుల నుంచి నూనె తీసి వాడుకోవచ్చు కదా అని. ఆ తోటలు పేపరు మిల్లుల కర్ర కోసం వేసినవి. వాటి ఆకులో సినియోల్ తక్కువ. మందుల షాపులో దొరికే నీలగిరి తైలం వేరే జాతి యూకలిప్టస్‌ది. అదైనా జలుబుకు ఆవిరి పట్టడానికి పనికొచ్చినంతగా నేలమీది క్రిములకు పనికిరాదు.

నిమ్మ కూడా అంతే. గూడూరు, పొదలకూరు మార్కెట్లకు వచ్చే నిమ్మకాయల్ని చూస్తే ఆ తొక్కలోని నూనెను ఎందుకు వాడుకోకూడదనిపిస్తుంది. జిడ్డు వదిలించడానికి లిమొనీన్ బాగుంటుంది. క్రిములకు అది సరిపోదు. "నిమ్మ పరిమళం" అని రాసున్న ఫ్లోర్ క్లీనర్ క్రిముల్ని చంపుతుంటే ఆ పని చేసేది అందులోని వేరే మందు. వేప నూనె అసలు ఈ జాబితాలోకే రాదు. అది గింజల్ని గానుగాడితే వచ్చే మామూలు నూనె, నేలను జిడ్డు చేస్తుంది.

ఎవరి ముందు ఓడిపోతాయంటే

ఆస్పత్రిలో మనల్ని ఏడిపించే క్రిములు ముఖ్యంగా గ్రామ్ నెగటివ్ జాతివి: క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్. వీటికి మామూలు పొర మీద ఇంకో పొర ఉంటుంది. నూనె అణువుల్ని అది దగ్గరికి రానివ్వదు. సూడోమోనాస్ అయితే లోపలికి వచ్చినవాటిని కూడా పంపుల్లాంటి ప్రొటీన్లతో బయటికి తోసేస్తుంది. టీ ట్రీ నూనె అంకెలే చూడండి. స్టాఫిలోకాకస్ పెరగకుండా ఆపడానికి 0.5 నుంచి 1.25 శాతం చాలు. సూడోమోనాస్‌కు 1 నుంచి 8 శాతం దాకా కావాలి, చంపాలంటే అంతకన్నా ఎక్కువే. అదీ రాత్రంతా ఉంచితే. వెంటిలేటర్ పేషంట్లనూ కాలిన గాయాల పేషంట్లనూ పట్టుకునేది ఈ సూడోమోనాసే.

స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్నట్టుండే రూపాలు, ఏర్పరిచే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ లాంటి క్రిముల మీద ఈ నూనెల్ని నమ్ముకోకూడదు. ఆ పని క్లోరిన్‌దే.

మనుషుల మీద జరిగిన పరీక్షలు కూడా ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. 2004లో ఇంగ్లండ్‌లో ఎంఆర్ఎస్ఏ క్రిమిని, అంటే చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫిలోకాకస్‌ను, మోస్తున్న 224 మంది పేషంట్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు టీ ట్రీ క్రీమూ బాడీ వాషూ, రెండో జట్టుకు మామూలుగా ఇచ్చే మందులూ ఇచ్చారు. క్రిమి పోయినవాళ్లు మామూలు మందుల జట్టులో 49 శాతం, టీ ట్రీ జట్టులో 41 శాతం. మొత్తం మీద పెద్ద తేడా లేదు. కానీ ముక్కులో ఉన్న క్రిమిని తీసేయడంలో మామూలు మందుల్లోని యాంటీబయాటిక్ మ్యూపిరోసిన్ 78 శాతం దగ్గరుంటే టీ ట్రీ 47 దగ్గరే ఆగింది. ఇది చర్మం మీద, ముక్కులో జరిగిన పరీక్ష. దీన్ని చూపించి నేల మందు అమ్మితే నమ్మకండి. అదే సమయంలో మొక్కల నూనెల్లో ఏమీ లేదనేవాళ్ల మాటా పట్టించుకోకండి. సింకుల్లో, గొట్టాల్లో జిగురుపొర కట్టుకుని బతికే క్రిముల మీద థైమాల్, దాని జాతిదే అయిన కార్వక్రాల్ లాంటివాటితో జరుగుతున్న పరిశోధన నిజంగా ఆశ కలిగించేది. మన ఫార్మసీ, మైక్రోబయాలజీ కాలేజీల పిల్లలు అటువైపు వెళ్లాలని నా కోరిక. వెళ్లినప్పుడు ఖాళీలు కొలిచి ఆగిపోకుండా, నిమిషాల లెక్కన క్రిములు ఎట్లా తగ్గాయో, స్టీలు ముక్క మీదా టైలు ముక్క మీదా ఎట్లా పనిచేసిందో చూస్తే అది ఆస్పత్రులకు అక్కరకొచ్చే పరిశోధన అవుతుంది.

అలవాటైన సీసాల బలమూ బలహీనతా

హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్. వెల తక్కువ, పని వేగం. బాక్టీరియా, వైరస్, ఫంగస్, తగిన మోతాదులో స్పోర్లు కూడా దీనికి లొంగుతాయి. దీని శత్రువు మన ఎండే. వేడి పది డిగ్రీలు పెరిగితే హైపో పాడయ్యే వేగం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. రేకుల షెడ్డులో పెట్టిన క్యాన్ మీద 5 శాతం అని రాసి ఉన్నా, వేసవి మధ్యకొచ్చేసరికి లోపల అంత ఉండదు. తయారైన తేదీ చూసి కొనండి, చిన్న క్యాన్లు కొనండి, చీకటిగా చల్లగా ఉండే గదిలో పెట్టండి. నీళ్లు కలిపింది ఏ రోజుది ఆ రోజే వాడాలి.

5 శాతం హైపోతో లెక్క ఇది. మామూలు నేలలకు, మంచం పట్టీలకు 0.1 శాతం చాలు: లీటరు ద్రావణానికి 20 మిల్లీలీటర్లు. రక్తం చిందినచోటుకు మన దేశంలో వాడేది 1 శాతం: ఒక వంతు హైపోకు నాలుగు వంతుల నీళ్లు. గ్లవుజులు వేసుకుని, రక్తం మీద పాత గుడ్డో దూదో కప్పి, పైన ద్రావణం పోసి, కనీసం 10 నిమిషాలు ఆగి, ఆ గుడ్డను ఆస్పత్రి వ్యర్థాలకు పెట్టే పసుపు సంచిలో వేయాలి. స్టీలు బల్లల్ని తర్వాత మంచినీళ్లతో తుడవకపోతే తుప్పు పడతాయి.

బ్లీచింగ్ పౌడర్ కూడా ఇదే క్లోరిన్. తాజాదాంట్లో 30 శాతం దాకా ఉంటుంది. 0.1 శాతం రావాలంటే లీటరుకు మూడున్నర గ్రాములు కలిపి, తేరనిచ్చి, పైతేట వాడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మూతి విప్పిన బస్తా తేమ పీల్చుకుని కొన్ని రోజుల్లోనే సత్తువ పోగొట్టుకుంటుంది. పౌడరు గడ్డలు కట్టి, ఘాటు తగ్గిందంటే దాన్ని కాలవల్లో చల్లడానికి వదిలేయండి.

నల్ల ఫినాయిల్ తారు నుంచి వచ్చే ఫినాల్ జాతి మందు. ఐఎస్ 1061 గుర్తు, గ్రేడు చూసి కొంటే మరుగుదొడ్లకూ వరండాలకూ మంచిదే. పసిపిల్లల వార్డులో మాత్రం ఉయ్యాలలకు, ఇంక్యుబేటర్లకు తగలనివ్వకూడదు. ఫినాల్ మందులతో తుడిచిన నర్సరీల్లో శిశువులకు కామెర్లు పెరిగిన సంఘటనలు వైద్య చరిత్రలో ఉన్నాయి. థైమాల్ కూడా ఆ జాతిదే కనుక అదే జాగ్రత్త దానికీ పాటించమంటాను.

తెల్ల ఫినాయిల్ చాలావరకు పైన్ నూనెతో చేసేది. అంటే మొక్కల నూనెను మన ఆస్పత్రులు ఎప్పటినుంచో వాడుతూనే ఉన్నాయి. డెటాల్ సీసా లేబుల్ చూసినా క్రిముల్ని చంపే క్లోరోజైలినాల్ 4.8 శాతంతో పాటు పైన్ నూనెలో ఉండే టెర్పినియోల్ కనిపిస్తుంది. ఆ వాసన దానిదే. అయితే విడిగా అమ్మే తెల్ల ఫినాయిల్‌లో అసలు నూనె ఎంతుందో చెప్పే గుర్తేమీ ఉండదు. నీళ్లలో పోస్తే తెల్లబడటం నాణ్యతకు రుజువు కాదు, ఏ నూనె ఎమల్షన్ అయినా తెల్లబడుతుంది. ఒక ఆస్పత్రిలో ఆయమ్మ నాతో అన్న మాట గుర్తుంది: "వాసన రాకపోతే మేం తుడవలేదంటారు సార్, పేషంటోళ్లు." ఆమె మాటలో నిజముంది. పేషంట్ల బంధువుల కోసం సాయంత్రం పూట వరండాలో తెల్ల ఫినాయిల్ వాడుకోండి, తప్పులేదు. పొద్దున వార్డులో చేయాల్సిన పనికి దాన్ని బదులుగా పెట్టకండి.

క్వాట్ మందులు, అంటే బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటివి, ఘాటు లేకుండా నేలనూ వస్తువుల్నీ పాడుచేయకుండా పనిచేస్తాయి. రెండు సంగతులు మర్చిపోకూడదు. నూలు మాప్ ఈ మందును తనలోకి పీల్చుకుని నేలకు కొంచెమే వదులుతుంది, మైక్రోఫైబర్ వాడటం మేలు. కలిపిన ద్రావణం రెండో రోజుకు ఉంచితే సూడోమోనాస్ జాతి క్రిములు అందులోనే పెరగగలవు.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన మందులు ఐసీయూకూ ఆపరేషన్ థియేటర్‌కూ నాకు బాగా నచ్చేవి. వాసన ఉండదు, చివరికి నీళ్లూ ఆక్సిజనూ అయిపోతాయి. వెల ఎక్కువే. "కెమికల్ ఘాటు లేనిది కావాలి" అని సుగంధ తైలాల వైపు చూసేవాళ్లు నిజంగా వెతుక్కుంటున్నది దీన్నేనని నాకు అనిపిస్తుంది. స్పిరిట్, 70 శాతం, చిన్న వస్తువులకు: స్టెతస్కోపు, మానిటర్ బటన్లు, తలుపు గొళ్లెం. దానిలోని నీటి భాగం పనికి సాయం చేస్తుంది కాబట్టి 90 శాతంది ఇంకా మంచిదని అనుకోవద్దు.

నీళ్ల సంగతి

కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. ఆస్పత్రి శుభ్రతకు సంబంధించినంతవరకు చూడాల్సింది నీటి కఠినత్వం. ఉప్పదనం, కాల్షియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురగ రాదు, క్వాట్ మందుల బలం తగ్గుతుంది, నూనె ఎమల్షన్లు విరిగి పైన తేలతాయి. అట్లాంటి నీళ్లున్న చోట క్వాట్ వాడాలనుకుంటే కఠిన జలంతో పరీక్షించిన మందు తీసుకోవాలి, లేదా ఆర్‌ఓ నీళ్లతో కలపాలి. క్లోరిన్‌కు కఠినత్వంతో పెద్ద పేచీ లేదు. అట్లాంటి నీళ్లున్న మండలాల చిన్న ఆస్పత్రులకు నేను హైపో వైపే మొగ్గు చూపడానికి ఇదొక కారణం.

గదిని బట్టి ఎంపిక

1968లో స్పాల్డింగ్ చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది. శరీరాన్ని కోసి కండలోకో రక్తంలోకో వెళ్లే పరికరాలకు స్టెరిలైజేషన్ కావాలి, ఆటోక్లేవ్ లాంటివి. లోపలి సున్నితపు పొరల్ని తాకే ఎండోస్కోపుల్లాంటివాటికి గట్టి స్థాయి డిసిన్ఫెక్షన్ కావాలి. ఈ రెండు చోట్లా మొక్కల నూనెల ప్రస్తావనే రాకూడదు. మిగిలింది చర్మాన్ని మాత్రమే తాకేవి, నేలలు, గోడలు. పోటీ అంతా అక్కడే.

ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, కాన్పుల గది, డయాలిసిస్: హైపో లేదా పెరాక్సైడ్. జనరల్ వార్డు: ముందు డిటర్జెంటుతో కడిగి తర్వాత హైపో 0.1 శాతం, లేదా క్వాట్. కడగకుండా ఏ మందు పోసినా దండగే. చీమూ రక్తమూ మట్టీ క్లోరిన్‌నూ తినేస్తాయి, నూనెనూ తినేస్తాయి. ప్రభుత్వ ఆస్పత్రుల శుభ్రత కోసం 2015లో మొదలైన కాయకల్ప కార్యక్రమం వల్ల అక్కడ మూడు బకెట్ల పద్ధతి (ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో మందు) అందరికీ తెలిసింది. ప్రైవేటువాళ్లు కూడా దాన్ని పాటిస్తే ఖర్చు లేకుండా వచ్చే లాభం ఏ ఖరీదైన సీసా ఇవ్వలేదు.

ఓపీ హాలు, ఆఫీసు గది, మెట్లు, పేషంట్ల అటెండర్లు కూర్చునే చోటు: ఇక్కడ మంచి పరీక్షల రిపోర్టు ఉన్న థైమాల్ ఉత్పత్తి దొరికితే వాడుకోవచ్చు. క్లోరిన్ ఘాటుతో దగ్గు వచ్చే పారిశుద్ధ్య కార్మికులకు అది నిజంగా ఊరట. వాళ్ల ఊపిరితిత్తుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే ఈ ఒక్క కారణానికైనా థైమాల్‌కు చోటివ్వాలంటాను.

ఖర్చు ఒకసారి వేసుకుందాం. 20 లీటర్ల మాప్ బకెట్‌ను 0.1 శాతం చేయడానికి 5 శాతం హైపో 400 మిల్లీలీటర్లు. అదే బకెట్‌లో 1 శాతం లవంగ నూనె కావాలంటే 200 మిల్లీలీటర్ల నూనె పోయాలి. కిలో వేలల్లో పలికే నూనె అది. ఒక్క బకెట్‌కే వందల రూపాయలు, రోజుకు ఎన్ని బకెట్లు మారుస్తారో మీకు తెలుసు. అందుకే తక్కువ ధరకు అమ్మే "హెర్బల్" క్యాన్‌లో నూనె పేరుకు ఉంటుంది, పని చేసేది వేరే ఉంటుంది. అది మంచి క్వాటే అయితే నష్టం లేదు, కానీ ఏమిటో మీకు తెలియాలి.

కలపకూడనివి, తగలకూడనివాళ్లు

హైపోలో సువాసన కోసం నూనె కలిపే అలవాటు కొన్నిచోట్ల చూశాను. క్లోరిన్ ఆ నూనెతో చర్య జరిపి ఖర్చయిపోతుంది, కళ్లు మండించే ఆవిర్లు వస్తాయి. హైపో మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిస్తే విషవాయువే. క్వాట్‌ను సబ్బుతో కలిపితే రెండూ చెడతాయి.

నీలగిరి, నిమ్మ నూనెలు 50 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వేడెక్కితే చాలు, నిప్పురవ్వ తగిలితే వాటి ఆవిరి అంటుకుంటుంది. వేసవిలో రేకుల గదిలో డబ్బాలు పెట్టొద్దు. ఆక్సిజన్ సిలిండర్లు, కాన్సంట్రేటర్ల దగ్గర ఏ నూనే ఉండకూడదు. కొన్ని నూనెలు ప్లాస్టిక్‌నూ రబ్బరునూ మెత్తబరుస్తాయి, గొట్టాలకు తగలనివ్వకండి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఘాటైన ఆవిరి పడదు. కర్పూరం, నీలగిరి మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లలో ఫిట్స్ తెప్పించవచ్చు. నెలలోపు బిడ్డలున్న గదిలో కర్పూరం, పుదీనా పువ్వు, వీటి డిఫ్యూజర్లు ఏవీ వద్దు. పాతబడ్డ నిమ్మ, లావెండర్ నూనెలు గాలితో కలిసి చర్మానికి అలర్జీ తెప్పించేవిగా మారతాయి, అందుకే తెరిచిన సీసాను ఏడాదుల తరబడి వాడకూడదు.

కొనేముందు అడగాల్సినవి

మొక్కల నూనె మందు కొనాలని మీరు నిర్ణయించుకుంటే అమ్మేవాళ్లను ఈ కాగితాలు అడగండి. ముఖ్య పదార్థం పేరూ శాతమూ. "హెర్బల్ ఎక్స్‌ట్రాక్ట్" అని రాస్తే చాలదు. ఆ బ్యాచ్‌కు గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టు (నూనెలో ఏ అంశం ఎంతుందో విడదీసి చూపేది), ఎందుకంటే కోసిన కాలాన్ని బట్టి, నేలను బట్టి ఒకే మొక్క నూనెలో అంశాలు మారిపోతాయి, కల్తీ కూడా ఎక్కువ. సూడోమోనాస్ మీద, మురికి కలిపిన స్థితిలో, కఠిన జలంతో చేసిన పరీక్ష, అందులో నిమిషాలు. తయారీ తేదీ. ఈ నాలుగింటిలో మూడోది లేకపోతే మిగతా మూడు ఉన్నా వార్డుకు తీసుకోకండి, ఓపీ హాలుకు వాడుకోండి.

ఇంటికి వచ్చిన పేషంటుకు

డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన మనిషి, మూత్రపు గొట్టంతోనో పుండుతోనో మంచంమీద ఉంటే, చాలామంది ఇంట్లో వాము పొగ, నీలగిరి డిఫ్యూజర్ పెడతారు. మంచి మనసుతోనే చేస్తారు. గదికి కావాల్సింది ముందు కిటికీ తెరవడం, నేలను సబ్బునీళ్లతో కడగడం. మలమూత్రాలు పడినచోటును ముందు తుడిచి కడిగేసి, అక్కడా బాత్రూమ్‌లోనూ 0.1 శాతం హైపో పోసి 10 నిమిషాలు ఉంచి కడగాలి. ఫోన్, స్విచ్చులు, మంచం పట్టీలకు స్పిరిట్ తడిపిన గుడ్డ చాలు, స్విచ్చు ఆపి తుడవాలి. చూసుకునేవాళ్లు పుండు ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కలిపిన హైపోను మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి. వేరే డబ్బాలో పోసి, మీద కలిపిన తేదీ రాసి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, సాయంత్రానికి మిగిలింది మరుగుదొడ్డిలో పారబోయండి.